తవుడు కనబడితే కరిచే పిల్ల

మా పెద్దమ్మాయికి నాలుగో ఏడు నడుస్తుండగా, సూర్యాపేటలో మా వాడకట్టంతా దానికి భయపడి తవుడు దాచుకునేది. బంగారం దాచుకోవడం విన్నాం, బియ్యం దాచుకోవడం విన్నాం, తవుడు దాచుకోవడమేమిటని మీరు నవ్వుతారు. నవ్వండి. నాకు మాత్రం అప్పుడు నవ్వు రాలేదు. వచ్చిందల్లా కోపమే. నాకు ఆకలేసినా, నిద్రొచ్చినా, దుఃఖమొచ్చినా ముందు వచ్చేది కోపమే, నా పుట్టుకే అంత.

అప్పటికి నవాబు పాలన పోయి సర్కారు మారి ఏడాది కూడా కాలేదు. కచేరీ మీద జెండా మారింది, లోపల కూర్చునే మనుషులు మారారు, ఇక రూపాయి కూడా మారిపోతుందని మగవాళ్లు అరుగుల మీద కూర్చుని ఒకటే చర్చ. మా ఇంట్లో చర్చ వేరే. రాజ్యాలే మారుతున్నాయి, ఈ పిల్ల ఎప్పుడు మారుతుంది?

దాని రోగం ఏమిటంటే, తవుడు కనబడితే ఊరుకోదు. గౌను నిండా ఎత్తుకుని పోయి మురుగు పోయే మోరీలో పారబోసి వస్తుంది. మా బర్రెకు కుడితిలో కలుపుదామని గిన్నెలో పోసి ఇటు తిరిగి అటు తిరిగేసరికి గిన్నె ఖాళీ. పక్కింట్లో వడ్లు దంచి, చెరిగి, తవుడు ఒక పక్కకు పోసి, ఆ ఇల్లాలు నడుం పట్టుకుని లేచేలోపల కుప్ప మోరీలో ఉండేది. అడ్డం వెళితే కరిచేది. పిల్లలంతా కరుస్తారు, నాకు తెలుసు. కానీ ఇది పట్టిందంటే ముక్కు మూస్తే తప్ప వదిలేది కాదు. మా వాడకట్టులో సగంమంది చేతుల మీద దాని పళ్ల ముద్రలుండేవి. బర్రెలన్నీ చప్పటి కుడితి తాగి మామీద అలిగాయి, పాలు తగ్గాయి.

తవుడు లేని చోట దానంత మంచి పిల్ల లేదు. పెట్టింది తినేది, చెప్పింది వినేది, నిద్రపొమ్మంటే పోయేది. అందుకే నాకు ఇంకా మండేది.

ఇక్కడ మా అత్త చేసిన ఒక పని చెప్పాలి. ఈ పిల్ల కంటే ముందు నాకు ఇద్దరు పుట్టి పోయారు. మూడోసారి ఇది పుట్టగానే, మా అత్త పురిటి వాసన కూడా పోకముందే దాన్ని చాటలో వేసి, ఎదురింటి గొల్లవ్వ చేతిలో పెట్టింది. గొల్లవ్వ అంటే బర్రెలూ గొర్రెలూ ఉన్న ఆవిడ, మా వాడకట్టుకంతా పాలు పోసేది. "ఈ బిడ్డ నీదే, మాది కాదు" అని ఇచ్చేసి, కాసేపటికి మళ్లీ వెళ్లి చాటెడు తవుడు పోసి కొనుక్కొచ్చింది. మా వైపు పిల్లలు నిలవని ఇళ్లలో అలా చేసేవాళ్లు. కన్నపిల్ల అయితే కన్ను పడుతుంది గానీ, తవుడుకు కొన్న పిల్లను ఎవరు పట్టించుకుంటారని. పిల్ల నిలిచింది. మా అత్త మాట నెగ్గింది.

నెగ్గితే నెగ్గింది, నోరు మూసుకోవచ్చు కదా! ఇంటికి ఎవరొచ్చినా ఈ కథే. "గొల్లది రెండు చాటలు అడిగింది. నేను ఒక్క చాటకే బేరం జేసిన" అని పిల్లను ముందు నిలబెట్టి చెప్పేది, సంతలో దూడను చూపించినట్టు. గొల్లవ్వ తక్కువ తిన్నదా? పాలు పోయడానికి వచ్చినప్పుడల్లా, "అగ్గువకు కొట్టేసింది మీ నాయినమ్మ. నాకు తవుడెక్కువయినంక మళ్ల నిన్ను కొనుక్కపోత సూడు" అని దాని బుగ్గ గిల్లేది. అందరూ నవ్వేవాళ్లు. పిల్ల ఏదైనా చెడగొడితే నేనూ అనేదాన్నేమో, తవుడిచ్చి తెచ్చుకున్నందుకు మంచిదే దొరికింది నాకు అని. ఏ ఇంట్లో అనరు?

ఆ ఏడు ఎండాకాలంలో మా వదినె వచ్చింది. మా ఆయనకు అక్క, మిర్యాలగూడలో ఉంటుంది. ఆమె భర్తకు అక్కడ వడ్లు ఆడించే బియ్యం గిర్నీలో భాగం ఉంది. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. ఉన్నన్నాళ్లూ మా పిల్లను చంక దింపలేదు. వెళ్లే రోజున బస్సు దగ్గర కూడా దాన్ని వదలకుండా, "నాకు ఇచ్చెయ్యరాదే అమ్మా. మీరు చాటెడు తవుడిచ్చిండ్రు, నేను బండెడిస్త" అంది. మా అత్త పడీపడీ నవ్వింది. మా ఆయనా నవ్వాడు. పిల్ల నవ్వలేదు. ఆ మరునాడే మా బర్రె తవుడు మోరీలో పడింది.

ఇప్పుడు ఇది చదువుతున్న మీకు సంగతి తెలిసిపోయి ఉంటుంది. మాకు తెలియలేదు. ఇంట్లో ఇంతమంది పెద్దవాళ్లం ఉన్నాం, ఒక్కరికంటే ఒక్కరికీ తట్టలేదు. మా తెలివి అంతా వైద్యుల్ని వెతకడంలో ఖర్చయిపోయింది.

మొదట వచ్చింది మంత్రం పెట్టే తాత. పొడుగాటి గడ్డం, భుజాన సంచి. పిల్ల కళ్లు చూశాడు, అరచేయి వాసన చూశాడు, చాలాసేపు ఆలోచించాడు.

"ఇది బర్రె గాలి" అన్నాడు. "ఎన్నడో సచ్చిన బర్రె పట్టింది పోరిని."

మా అత్త ఎవరినీ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. "బర్రె పడితే తవుడు తినాలె గదనయ్యా. పారబోస్తదేంది?" అంది.

తాత ఇంకాస్త ఆలోచించాడు. "కడుపు నిండ తిని సచ్చిన బర్రె."

తాత దిగ్గున లేచి కావలసినవి చెప్పాడు. ఎండుమిరపకాయలు, ఉప్పు, నిమ్మకాయ, ఒక చాట, చాట నిండా తవుడు. ఆ తవుడులో పిల్లను కూర్చోబెట్టి బర్రెను వెళ్లగొడతాడట. తవుడు కోసం నేను ఎదురింటికి పోతే, గొల్లవ్వ అటక మీద దాచుకున్నది దించి, తలుపు సందులోంచి ఇచ్చింది.

ఇక చూడండి. చాట వచ్చింది, చాట నిండా తవుడు వచ్చింది, ఎదురుగా సంచీ తగిలించుకున్న కొత్త మనిషి, చేతులు చాపి "దా బిడ్డా, చాటల కూసో" అంటున్నాడు. నా బిడ్డ ఒక్క తన్ను తన్నింది. తవుడంతా తాత గడ్డంలో. ఆయన కళ్లు తుడుచుకునేలోపల బొటనవేలు దాని పళ్ల మధ్య ఉంది. నేను ముక్కు మూస్తున్నాను, మా అత్త నిమ్మకాయ పట్టుకుని చుట్టూ తిరుగుతోంది, తాత మంత్రాలన్నీ మరిచిపోయి వాళ్ల అమ్మను తలుచుకుంటున్నాడు. వదిలించుకుని పరిగెత్తినవాడు చెప్పుల కోసం కూడా మళ్లీ రాలేదు. బజారంతా మాత్రం చెప్పుకున్నాడట, అది మామూలు బర్రె కాదు, ముర్రా బర్రె అని.

ఆ సాయంత్రమే మా అత్త తీర్పు చెప్పింది.

"నాతోని కాదు. మిర్యాలగూడకు పంపుదం. మీ వదినెకు పోరి మీద పానం. దానికి పిల్ల దొరుకుతది, మనకు పరేషాని పోతది."

మా ఆయన అప్పుడే దుకాణం కట్టేసి వచ్చాడు. ఉప్పు, పప్పు, కిరసనాయిలు అమ్మే చిన్న దుకాణం. దేనికైనా ఆయన దగ్గర ఒకటే జవాబు. "జర సూద్దాం" అన్నాడు.

నా చేతిలో చెంబు ఉంది. దాన్ని విసిరికొట్టాను. ఎవరి మీదా కాదు, గోడకే, అయినా అది ఇప్పటికీ సొట్టగానే ఉంది. ఇద్దరు పోయాక ఒక్కటి నిలిస్తే, దాన్ని తీసుకెళ్లి ఇంకొకరి ఒళ్లో పెడతారా? మా వదినె మంచిదే. ఎంత మంచిదైనా నా బిడ్డ ఆమెకెందుకు? అలా అరిచి, ఏడ్చి, చివరికి నేనే ఒక ఒడంబడికకు వచ్చాను. కోదాడలో మా పుట్టింటి దగ్గర పేరున్న వైద్యుడున్నాడు. మిర్యాలగూడలో ఇంగ్లీషు మందుల దవాఖానా ఉంది. ఇద్దరికీ చూపిద్దాం, కుదిరితే పిల్ల నాది.

మా అత్త లెక్క ఆమెకుంది. "సరే. మిర్యాలగూడ దవాఖాన దాక సూద్దం. గాడ గూడ కుదరకుంటే గాడనే ఇడిసిపెట్టి వస్తం. మళ్ల తోలుకొచ్చి మళ్ల తోలుకపోవుడు, కిరాయి దండుగ."

పిల్ల దర్వాజ దగ్గర కూర్చుని మట్టితో రొట్టెలు చేస్తూ అంతా వింటోంది.

మా అత్త, నేను, పిల్ల బయలుదేరాం. కోదాడ దాకా బస్సు. దుమ్ము, కుదుపులు, సీటు కింద ఎవరిదో కోడి. పిల్ల ఆ కోడితో మాట్లాడుతూ బంగారంలా కూర్చుంది. మా అత్త గడపదాటిన దగ్గరినుంచి పక్కవాళ్లకూ ఎదురువాళ్లకూ దాని రోగం చెబుతూ వచ్చింది. వాళ్లు దాన్ని చూసేవాళ్లు, అది నవ్వేది, వాళ్లు మా అత్తను అనుమానంగా చూసేవాళ్లు.

కోదాడ వైద్యుడు పెద్దాయన. తెల్లటి పంచె, శుభ్రమైన ఇల్లు, ముందు గది నిండా సీసాలు. పాడీ లేదు, బర్రే లేదు, తవుడు అనే మాటే లేదు. పిల్ల పోయి ఆయన ఒళ్లో కూర్చుంది. నాడి చూస్తానంటే చేయి చాపింది. నాలుక చూపమంటే చూపింది. ఇంకో చేయి కూడా అడగకుండానే ఇచ్చింది. ఆయన మురిసిపోయి ఒక బెల్లం ముక్క పెడితే సగం కొరికి సగం ఆయనకు ఇచ్చింది.

"ఈ పిల్లేనా కరిచేది?" అన్నాడు.

"ఇదేనండీ!" అన్నాను. "ఇది దొంగదండీ! ఇప్పుడిట్లా నటిస్తోంది! నా చెయ్యి చూడండి, మా అత్తమ్మ మోచెయ్యి చూడండి, మీరు నమ్మరు, ఎవరూ నమ్మరు, నా ఖర్మ..."

నా గొంతు కాస్త లేచినట్టుంది. వీధిలో పోయే ఎవరో ఆగి లోపలికి తొంగిచూశారు. వైద్యుడు పిల్లను మెల్లగా దింపి, "ఏదమ్మా, మీ చెయ్యి ఇలా ఇవ్వండి" అన్నాడు. నాడి పట్టుకున్నాడు. తల ఊపాడు. మా అత్త వైపు తిరిగాడు.

"పాపకేం లేదండీ. నిక్షేపంగా ఉంది. పైత్యమంతా ఈ అమ్మాయిలోనే ఉంది. చాలా వేడి."

మా అత్త ముఖం వెలిగిపోయింది. నేను కాపురానికి వచ్చిన దగ్గరినుంచి ఆమె అంటున్న మాటే అది. ఇప్పుడు చదువుకున్న మనిషి నోట వచ్చింది. "నేను జెప్తలేనా!" అంది వైద్యుడితో, ఎప్పటినుంచో తెలిసిన మనిషితో అన్నట్టు. బిడ్డకు మందు కోసం వచ్చి నేను ఒక సీసా లేహ్యం పట్టుకుని బయటికి వచ్చాను. పొద్దున్నే పరగడుపున తినాలి, మింగాక కోపం తెచ్చుకోకూడదు. వేపాకు, బొగ్గు కలిపి నూరినట్టుండేది. దాన్ని మింగి కోపం తెచ్చుకోని మనిషి ఉంటే నాకు చూపించండి.

కోదాడనుంచి మిర్యాలగూడకు కొంత దూరం బస్సు, కొంత దూరం ఎడ్లబండి. దారి పొడుగునా, "వైద్యుడే జెప్పె" అంటూ మా అత్త. ఒక చోట ఎడ్లను ఆపి బండాయన వాటికి దాణా పెట్టడానికి బండి కింద వేలాడే సంచీ విప్పాడు. ఉలవలు ఉంటాయనుకున్నాను. తవుడు! నేను "అయ్యో" అనేలోపల సంచీ బోర్లా పడింది, తవుడు గాలికి లేచిపోయింది, ఎడ్లు రెండూ ఆ పోయేదాన్ని చూస్తూ నిలబడ్డాయి. బండాయన చేయి విదిలించుకుంటూ గంతులేస్తున్నాడు.

"గిదేం పిల్లనమ్మా! ఏమన్న మందిప్పించరాదు?"

"ఇప్పించినం నాయినా" అంది మా అత్త. "గిదో, గామెకు ఇచ్చిండ్రు."

మిర్యాలగూడ దవాఖానాలో డాక్టరు చిన్నవాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు. పంట్లాము, మెళ్లో గొట్టం. పిల్ల రొమ్ముమీద గొట్టం పెట్టి విన్నాడు. అది ఇంకో కొస తన చెవిలో పెట్టమంది, పెట్టాడు. నోరు తెరవమన్నాడు, తెరిచింది. చాలా శ్రద్ధగా చూసి, "పండ్లు చాలా మంచిగున్నయి" అన్నాడు.

"గది మాకు ఎరుకే బిడ్డా" అంది మా అత్త, మోచెయ్యి తడుముకుంటూ.

"ఎప్పుడు కరుస్తది?"

నేను చెప్పబోయాను, మా అత్త అందుకుంది. బర్రె గాలి, తాత గడ్డం, నా పైత్యం, బండాయన ఎడ్లు, అన్నీ చెప్పింది. మధ్యలో నేను సవరించబోయాను. ఆమె నన్ను సవరించింది. చూస్తుండగానే మేమిద్దరం ఆ డాక్టరు బల్లకు అటొకరం ఇటొకరం నిలబడి అరుచుకుంటున్నాం, కంపౌండరు పని ఆపి వింటున్నాడు. డాక్టరు పాపం చేతులెత్తి ఆపాడు.

"అంటే, తవుడు చూస్తేనే కరుస్తది గదా? అయితే ఇంట్ల తవుడు పెట్టకుండ్రి. ఖతం."

"మరి బర్రె ఏం తినాలె?" అంది మా అత్త.

డాక్టరుకు వెనక ఇంకా చాలామంది రోగులున్నారు. "బర్రెను అమ్మెయ్యుండ్రి!" అన్నాడు.

అమ్మెయ్యుండ్రి అనే మాట ఆయన నోట్లోంచి పూర్తిగా బయటికి వచ్చిందో లేదో, మా పిల్ల బల్ల మీదనుంచి వంగి ఆయన మణికట్టు పట్టేసింది. తవుడు లేకుండా కరవడం అదే మొదలు. దవాఖానా కాబట్టి అయోడిన్ దగ్గరలోనే ఉంది. డాక్టరు తనకు తానే పూసుకుని, ఆముదం తాగించమని చెప్పి, మమ్మల్ని గబగబా బయటికి పంపాడు.

మెట్లు దిగగానే మా అత్త వదినె ఇంటి దారి పట్టింది. కోదాడ అయింది, దవాఖానా అయింది. ఇక మిగిలింది వదినె ఇల్లే.

ఆమె ఇల్లు గిర్నీ వెనకాలే. మా అత్త ముందే కబురు పంపినట్టుంది, మేం వెళ్లేసరికి వాకిట్లో నిలబడి ఉంది. పిల్లకు ఎర్రంచు లంగా, జాకెట్టు కుట్టించి పెట్టింది. తియ్యటి గరిజెలు చేసింది. గోడకు కొత్తగా సున్నం వేయించి, ఒక మూల చిన్న మంచం కూడా వేయించింది. ఆ మంచం చూడగానే నేను పిల్ల చేయి గట్టిగా పట్టుకున్నాను. పిల్ల లంగా వేసుకుంది, గరిజె తిన్నది. వదినె దాని చేయి పట్టుకుని, "దా బిడ్డా, మన గిర్ని సూపిస్త" అని తీసుకుపోయింది. వెనకాల మేమిద్దరం.

గిర్నీ లోపల మిషను హోరు. ఒక వైపు ఊక, ఒక వైపు బియ్యం. ఇంకో వైపు, నేల మీదనుంచి దూలాల దాకా, తవుడు.

అంత తవుడు నేను పుట్టి అప్పటిదాకా చూడలేదు. నేను వెంటనే పిల్ల ముక్కు మూయడానికి సిద్ధమై ఒక అడుగు ముందుకు వేశాను. అవసరం రాలేదు. అది కరవలేదు, తన్నలేదు, అరవలేదు. తల ఎత్తి ఆ కుప్ప కొస దాకా చూసింది. తరవాత వదినె చేతిలోంచి తన చేయి మెల్లగా తీసుకుని, నేల మీద కూర్చుంది.

"సూసినవా!" అంది వదినె, సంతోషం పట్టలేక. "డాక్టర్లెందుకు, మందులెందుకు? నా ఇంట్ల అడుగు వెట్టంగనే కుదిరింది!"

"ఈడి నీళ్లు వడ్డయి దానికి" అంది మా అత్త. "ఇగ ఈడనే ఉండనీ."

అంతే. కోడలిని, నేనేం అనాలి? కుదరకపోతే వదిలేసి రావాలన్నది ఒప్పందం. ఇప్పుడు కుదిరింది కాబట్టి వదిలేసి రావాలట! నాకు ఆ న్యాయం అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. అనడానికి నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. నా బతుకులో కోపానికంటే ముందు ఏడుపొచ్చింది ఆ ఒక్కసారే. లేహ్యం పనిచేసిందేమో.

అన్నాలు తిన్నాం. నేను తినలేదు, కలిపాను. మధ్యాహ్నం వదినె, మా అత్త ఒక చాప మీద కూర్చుని పిల్లను ఏ బళ్లో వేయాలో మాట్లాడుకుంటున్నారు. గిర్నీ ఆగింది, కూలీలు తిండికి పోయారు. కాసేపటికి చూస్తే పిల్ల లేదు. వాకిట్లో లేదు, కొత్త మంచం మీద లేదు. వదినె "బావి!" అంది. ముగ్గురం మూడు దిక్కులా పరిగెత్తాం.

నాకే కనబడింది. గిర్నీ వెనక తలుపు దగ్గర తవుడు జాడ ఉంది, లోపలనుంచి మోరీ దాకా సన్నగా ఒక దారి. ఆ దారి వెంట నా బిడ్డ వస్తోంది. కొత్త లంగా ఒడిగా పట్టుకుంది, ఒడి నిండా తవుడు. జుట్టులో తవుడు, కనుబొమల మీద తవుడు, ముక్కు కింద చీమిడికి అంటుకున్న తవుడు. తుమ్ముతూ వచ్చి మోరీలో పోసి, ఖాళీ ఒడి దులుపుకుని మళ్లీ లోపలికి పోబోయింది. నన్ను చూసి ఆగింది.

"అమ్మా, అయిపోతలేదే" అంది.

"ఏంది బిడ్డా?"

"తవుడు. ఎంత పారబోసినా గట్లనే ఉంటుంది." వెనక్కి తిరిగి గిర్నీ వైపు చూసింది. "అత్తమ్మ కాడ గింత తవుడుంది. మనకాడ ఎంతుందే?"

వెనకాల మా అత్త వచ్చి నిలబడింది, వదినె వచ్చింది. పిల్లే చెప్పుకుపోయింది. మన ఇంట్లో ఒక్క చాటే ఉందట, దాన్ని ఎవరైనా ఎత్తుకుపోయి దాంతోనే తనను కొంటారని అదీ పారబోసిందట. గొల్లవ్వ కొనుక్కుపోతానన్నదట, అందుకని గొల్లవ్వ తవుడు పారబోసిందట. గడ్డం తాత చాటతో కొనడానికి వచ్చాడట. బండాయన సంచీ తెచ్చుకున్నాడట. డాక్టరు అమ్మెయ్యమన్నాడట. అత్తమ్మ బండెడిస్తానన్నదట, ఇక్కడ చూస్తే బండెడు కాదు, చాలా ఉందట.

నేను ఆ మోరీ పక్కనే కూలబడిపోయాను. దాన్ని ఒళ్లోకి లాక్కుంటే ఒళ్లంతా తవుడయింది. ఎన్ని నెలలుగా నా బిడ్డ ఒక్కతే, ఊళ్లో ఉన్న తవుడంతా ఖాళీ చేస్తూ, నా దగ్గర ఉండిపోవడానికి కష్టపడుతోంది! మేమేమో నాడులు చూపిస్తున్నాం.

మా అత్త గొంతు లేచింది. కోదాడ వైద్యుడు వింటే ఆమెకూ ఒక సీసా ఇచ్చేవాడు. "ఎవడు కొంటడే నిన్ను? ఎవనికుంది అంత దమ్ము? ఒక్కసారి బేరమైనంక అయినట్టే. నేను జేసిన బేరం తిరుగుతదా? బండెడు గాదు, ఊరెడు తవుడు వోసినా ఇయ్య! రేపు పొద్దుగాల బస్సుకే ఇంటికి పోతున్నం!"

"ఒట్టు?" అంది పిల్ల.

"బర్రె మీద ఒట్టు!"

పిల్ల ఆలోచించింది. మా ఇంట్లో బర్రె మీద ఒట్టంటే చిన్న మాట కాదు. ముక్కు నా కొంగుకు తుడిచి, నా ఒళ్లోంచి లేచింది. అప్పుడు గుర్తొచ్చి నేను వదినె వైపు చూశాను. ఆమె వెనక్కి జరిగి తన ఇంటి తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. చిన్న మంచం, సున్నం వేసిన గోడ ఆమె వెనక కనబడుతున్నాయి.

పిల్ల గిర్నీలోకి పోయింది. అయ్యో మళ్లీ మొదలనుకున్నాను. రెండు గుప్పిళ్ల నిండా తవుడు పట్టుకుని వచ్చి, ఈసారి మోరీ వైపు పోలేదు, వదినె ముందు నిలబడింది.

"అత్తమ్మా, నీకాడ గింత ఉంది గద. గొల్లవ్వ కాడ నువ్వే ఒక పాపను కొనుక్కోరాదు?"

వదినె ఆ రెండు గుప్పిళ్లనే చూస్తూ ఉండిపోయింది. తరవాత కిందికి వంగి, కొంగు చాపి, "నా కొంగుల పొయ్యి బిడ్డా" అంది. పిల్ల పోసింది. వదినె ఆ తవుడు రాలిపోకుండా కొంగుకు ముడి వేసుకుంది.

"మీ గొల్లవ్వకు చెప్తవా మరి? రెండు చాటలన్నా ఇస్తనని చెప్పు. ఎన్ని అడిగితే అన్ని ఇస్తనని చెప్పు."

"చెప్త" అంది పిల్ల.

మర్నాడు సూర్యాపేటలో దిగగానే అది మా ఇంట్లోకి రాలేదు. ఎర్రంచు లంగా పైకి పట్టుకుని నేరుగా ఎదురింటికి పోయింది. దాన్ని చూసి గొల్లవ్వ గబగబా తవుడు గంప మీద ఎక్కి కూర్చుంది.

"గొల్లవ్వా, మా అత్తమ్మకు ఒక పాప కావాలె" అంది. "ఆమెకాడ తవుడు మస్తుంది. నువ్వు బేరం జేయకు."

గొల్లవ్వ నవ్వబోయి నా ముఖం చూసి ఆగింది. పిల్లను దగ్గరికి తీసుకుని, నెత్తిమీద ఇంకా మిగిలిన తవుడు దులిపి, "సూస్త బిడ్డా" అంది. "ఉంటే ముందుగాల ఆమెకే ఇస్త."